తిరుగు దారి చూసుకుని చేరాల్సిన బడి

హైదరాబాద్ పాతబస్తీలోని ధూల్‌పేట్ పతంగుల బజారులో ‘చైనా మాంజా’ అని పిలిచే దారానికి చైనాతో ఉన్న బంధుత్వం ఎక్కువగా పేరు వరకే పరిమితం. పక్షుల రెక్కలనూ మనుషుల మెడలనూ కోసే ఈ నైలాన్ దారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2016లోనూ, జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటానూ నిషేధించాయి. నిషేధం తరువాత కూడా దొంగచాటుగా దొరికే సరుకులో అధికభాగం మన దేశపు కర్మాగారాల్లో తయారైనదే. దారం ఎక్కడ పుట్టిందో దాని పేరు చెప్పలేనట్టే, చైనా నగరాల్లో ‘అంతర్జాతీయ పాఠశాల’ అన్న బోర్డు కూడా లోపల ఏ చదువు చెబుతారో, అక్కడ ఎవరిని చేర్చుకుంటారో, చివర చేతికి వచ్చే కాగితం ఎక్కడ చెల్లుతుందో చెప్పదు. ఉద్యోగరీత్యా పిల్లలతో సహా చైనాకు తరలే తెలుగు కుటుంబాలు మొదట ఛేదించవలసిన చిక్కు ఇదే.

ఈ చర్చలో ధూల్‌పేట్ పేరు తేవడానికి మాంజా ఒక్కటే కారణం కాదు. పురానాపూల్‌కు సమీపాన ఉన్న ఈ పేటలో వినాయక విగ్రహాలు, పతంగులు, రాఖీలు తయారుచేసే లోధ్ కుటుంబాల పూర్వీకులు నిజాం కాలంలో బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వలస వచ్చినవారు. వారి వలస తిరుగు టికెట్టు లేని వలస. ఇంట్లో హిందీ, బజారులో దక్కనీ, కార్యాలయాల్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ అనే నాలుగు భాషల నడుమ ఆ పిల్లలు పెరగడానికి కారణం, ఇక్కడే ఉండిపోయే కుటుంబానికి ఇక్కడి భాషలన్నీ అవసరం కావడం. అందుకు భిన్నంగా, రెండేళ్లకో నాలుగేళ్లకో ఒప్పందం మీద చైనా వెళ్లే హైదరాబాద్ ఉద్యోగి తిరిగి వస్తానన్న లెక్కతోనే బయలుదేరుతాడు. ఉండిపోయేవాడికి చేరే ఊరి బడి కావాలి, తిరిగొచ్చేవాడికి వదిలి వచ్చిన ఊరు గుర్తించే చదువు కావాలి. బడి ఎంపికలో ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటికి సమాధానం ఈ తేడాలోనే దొరుకుతుంది. అయినా తల్లిదండ్రులు సాధారణంగా ఈతకొలను, ఫుట్‌బాల్ మైదానం, గోడల మీది జెండాల నుంచి పరిశీలన మొదలుపెట్టి, తిరుగు ప్రయాణం సంగతిని చివరి ఏడాదికి వాయిదా వేస్తారు.

తెలుగువారికి చైనాతో ఉద్యోగ సంబంధం కొత్తది కాదు. డాక్టర్ రెడ్డీస్ సంస్థ షాంఘైకి దగ్గరగా ఉన్న కున్‌షాన్ పట్టణంలో ఉమ్మడి భాగస్వామ్యంతో మందుల కర్మాగారం నడిపింది. అరబిందో ఫార్మా షాన్‌షీ రాష్ట్రంలోని దాతోంగ్‌లో అడుగుపెట్టింది. సత్యం కంప్యూటర్స్ 2000 దశకం తొలి సంవత్సరాల్లోనే షాంఘైలో కేంద్రం తెరిచింది. మందుల ముడిపదార్థాల కొనుగోలు, నాణ్యత తనిఖీ, సాఫ్ట్‌వేర్, యంత్రపరికరాల వ్యాపారం వంటి పనులు ఈనాటికీ ఈ రాకపోకలను నడిపిస్తున్నాయి. ఉద్యోగం ఏ ఊళ్లో అన్నది బడి విషయంలో ముందుగా తేలాలి. షాంఘై, బీజింగ్, సుజౌ, షెన్‌ఝెన్ వంటి నగరాల్లో పోల్చి చూసుకునేటన్ని విదేశీ పాఠశాలలు ఉంటాయి. బొగ్గు గనులకు పేరుపడిన దాతోంగ్ వంటి ఊరికి బదిలీ అయినవారికి అంత విశాలమైన ఎంపిక ఉండదు. అటువంటి చోట్ల కుటుంబం పెద్ద నగరంలోనూ ఉద్యోగి కర్మాగారం దగ్గరా ఉండి వారాంతాల్లో కలుసుకోవడమో, పెద్ద తరగతి పిల్లలను హైదరాబాద్‌లోనే అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంచడమో జరుగుతుంది. ఒప్పందపత్రం మీద సంతకం చేయకముందే మాట్లాడుకోవలసిన సంగతి ఇది.

చైనాలో విదేశీ పిల్లలు చేరగల బడులు మూడు తరగతులకు చెందుతాయి. మొదటిది చైనా ప్రభుత్వ పరిభాషలో ‘విదేశీ సిబ్బంది పిల్లల పాఠశాల’. 1995లో చేసిన నిబంధనల ప్రకారం నడిచే ఈ పాఠశాలల్లో చైనా పౌరుల పిల్లలకు ప్రవేశం ఉండదు. విదేశీ పాస్‌పోర్టు, తల్లిదండ్రుల నివాస అనుమతి చూపినవారినే చేర్చుకుంటారు. పాఠ్యప్రణాళిక విషయంలో వీటికి స్వేచ్ఛ ఎక్కువ. షాంఘై అమెరికన్ స్కూలు చరిత్రను చూస్తే ఈ తరగతి ఎలా పుట్టిందో బోధపడుతుంది. 1912లో మొదలైన ఆ బడి కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడిన కాలంలో మూతపడి, చైనా మళ్లీ తలుపులు తెరిచాక 1980లో అమెరికా దౌత్యకార్యాలయ ఆవరణలో కొద్దిమంది పిల్లలతో తిరిగి ప్రాణం పోసుకుంది. అదే ఏడాది బీజింగ్‌లో దౌత్యవేత్తల పిల్లల కోసం ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ బీజింగ్ ఏర్పడింది. మంచి చదువు అమ్మాలన్న వ్యాపార బుద్ధికంటే ముందు, పరాయి దేశంలో పనిచేసే కొద్దిపాటి సమూహపు అవసరమే వీటిని పుట్టించింది.

హైదరాబాద్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వెలసినప్పుడు వివిధ దేశాల నుంచి వచ్చిన శాస్త్రవేత్తల పిల్లలు ఎక్కడ చదవాలన్న ప్రశ్నకు సమాధానంగా ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ హైదరాబాద్ పుట్టింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన చేయడానికి ఇక్కడికి కాపురం మార్చిన తల్లిదండ్రులు అడిగినవీ, నేడు షాంఘై వెళ్లే తెలుగు తల్లిదండ్రులు అడగవలసినవీ అవే ప్రశ్నలు: పిల్లవాడు తిరిగి వెళ్లినప్పుడు ఏ తరగతిలో కూర్చుంటాడు, ఈ మార్కులను అక్కడ ఎవరు ఒప్పుకుంటారు. ఆ తరువాతి కాలంలో హైదరాబాద్‌లో వీధికొక ‘ఇంటర్నేషనల్’ స్కూలు వెలిసి, రాష్ట్ర సిలబస్ చెప్పే బడులు కూడా ఆ మాట తగిలించుకోవడంతో దాని అసలు అర్థం అరిగిపోయింది. చైనాకు వెళ్లే తల్లిదండ్రులు ఆ అరిగిన అర్థాన్నే వెంట తీసుకుపోవడం వల్ల మోసపోయే అవకాశం ఎక్కువ.

రెండో తరగతి ‘మిన్‌బాన్’, అంటే ప్రభుత్వేతరులు నడిపే ప్రైవేటు పాఠశాల. వీటిలో ద్విభాషా బోధన చేసేవి చాలా ఉన్నాయి. ప్రధానంగా చైనా పిల్లల కోసం నడిచినా విదేశీయులనూ చేర్చుకుంటాయి, ఫీజు మొదటి తరగతి కంటే సాధారణంగా తక్కువ. అయితే 2021 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన నియమాలు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్న నిర్బంధ విద్యా తరగతుల్లో విదేశీ పాఠ్యపుస్తకాలను, విదేశీ యాజమాన్య నియంత్రణను కట్టడి చేశాయి. బ్రిటిష్ పాఠశాలల పేర్లతో వెలిసిన ద్విభాషా బడులు ఆ పేర్లను వదులుకోవలసి రావడంతో, హారో పేరుతో ఉన్నవి లీదె అనే చైనీయ నామానికి మారాయి. అందువల్ల ఈ నియమాలకు ముందు అక్కడ చదివించిన బంధువు చెప్పిన మాట ఈనాటి బడికి వర్తించకపోవచ్చు. ఒకే ప్రాంగణంలో ఒకే యాజమాన్యం కింద విదేశీయుల విభాగం, ద్విభాషా విభాగం పక్కపక్కనే నడిచే సందర్భాలు ఉన్నందున, పిల్లవాడి పేరు ఏ లైసెన్సు కింద నమోదవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోవడం తప్పనిసరి.

మూడో తరగతి ప్రభుత్వ పాఠశాలలు, వాటి అంతర్జాతీయ విభాగాలు. 1993లో మొదలైన షాంఘై హైస్కూల్ అంతర్జాతీయ విభాగం, దశాబ్దాలుగా విదేశీ విద్యార్థులను చేర్చుకుంటున్న బీజింగ్ 55వ నంబరు పాఠశాల ఇందుకు పేరొందిన ఉదాహరణలు. గణితం, విజ్ఞానశాస్త్రాల్లో వీటి వేగం హైదరాబాద్ కార్పొరేట్ బడులకు అలవాటుపడిన పిల్లలకు కొత్తగా అనిపించదు. పూర్తిగా చైనీస్ మాధ్యమంలో నడిచే సాధారణ ప్రభుత్వ బడిలో చేర్చడం మాత్రం వేరే నిర్ణయం. కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి వయసు పిల్లలకు అది భాష నేర్చే గొప్ప అవకాశం కావచ్చు. పదేళ్లు దాటిన పిల్లవాడిని అక్కడ కూర్చోబెడితే భాష అర్థమయ్యేలోపు విషయం జారిపోతుంది, ఆ బడి గమ్యమంతా ‘గావోకావో’ అనే జాతీయ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష వైపే ఉంటుంది.

గల్ఫ్ దేశాల్లో పనిచేసే తెలుగువారికి ఉన్న ఒక సౌకర్యం చైనా వెళ్లేవారికి లేదని ఇక్కడ చెప్పుకోవాలి. దుబాయ్, మస్కట్, దోహాల్లో సీబీఎస్ఈ బడులు విరివిగా ఉండడంతో పిల్లవాడు పుస్తకం మారకుండానే దేశం మారతాడు. చైనాలో అంత తేలిక దారి లేదు. బీజింగ్‌లో పాకిస్తాన్ దౌత్యకార్యాలయానికి చెందిన కళాశాలలో తక్కువ ఫీజు, ఇంగ్లిష్ మాధ్యమం, ఉపఖండపు వాతావరణం చూసి భారతీయ కుటుంబాలు తమ పిల్లలను చేర్చిన సంగతి, రెండు దేశాల రాజకీయాలు ఎలా ఉన్నా మధ్యతరగతి తల్లిదండ్రుల లెక్క ఎక్కడైనా ఒకటేనని తెలుపుతుంది.

ఇక పాఠ్యప్రణాళికలు. విదేశీయుల పాఠశాలల్లో ప్రధానంగా మూడు సంప్రదాయాలు కనిపిస్తాయి. 1968లో జెనీవాలో స్థాపితమైన ఇంటర్నేషనల్ బకలారియేట్, అంటే ఐబీ, మూడేళ్ల వయసు నుంచి పందొమ్మిదేళ్ల దాకా మూడు దశలుగా సాగుతుంది. చివరి రెండేళ్ల డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, నాలుగు వేల పదాల పరిశోధన వ్యాసం, జ్ఞానం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నపై ఒక ప్రత్యేక పాఠం కలిపి మొత్తం 45 పాయింట్లకు లెక్కిస్తారు, సేవా కార్యక్రమాలు తప్పనిసరే గాని వాటికి పాయింట్లు ఉండవు. బ్రిటిష్ సంప్రదాయంలో పదహారో ఏట ఐజీసీఎస్ఈ, పద్దెనిమిదో ఏట ఏ లెవెల్ పరీక్షలు ఉంటాయి. అమెరికన్ సంప్రదాయంలో పబ్లిక్ పరీక్ష అనేది లేకుండా బడి ఇచ్చే హైస్కూల్ డిప్లొమా, దానికి తోడు కోరుకున్నవారికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు ఉంటాయి. వీటిలో ఏది గొప్పదన్న చర్చ తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో ఎంత సాగినా తేలదు, తేలవలసిన అవసరమూ లేదు. పిల్లవాడు ఏ వయసులో వెళ్లి ఏ వయసులో తిరిగి వస్తాడన్నదే దాన్ని నిర్ణయిస్తుంది.

అయిదో తరగతి లోపు వెళ్లి ఎనిమిదో తరగతికి ముందే తిరిగి వచ్చే పిల్లలకు ప్రణాళిక ఏదైనా పెద్ద నష్టం ఉండదు, గణితంలో కొంత వెనుకబాటును ఇంట్లో సరిదిద్దుకుంటే సరిపోతుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి మధ్య నాలుగేళ్లే అసలు గండం. విదేశీ బోర్డుల పరీక్షలను భారతీయ పరీక్షలతో సమానంగా గుర్తించే పని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం చేస్తూ వచ్చింది. ఆ గుర్తింపు తెలిపే కాగితాన్నే తుల్యతా పత్రం అంటారు. ఐబీ డిప్లొమాను పన్నెండో తరగతికి సమానంగానూ, నిర్ణీత గ్రేడ్లతో అయిదు సబ్జెక్టుల్లో ఐజీసీఎస్ఈ ఉత్తీర్ణతను పదో తరగతికి సమానంగానూ ఈ సంఘం పరిగణిస్తూ వచ్చింది. అమెరికన్ డిప్లొమాకు కూడా షరతులతో గుర్తింపు ఉంది. కానీ చైనాలోని ఒక పాఠశాల తన సొంత పేరు మీద ఇచ్చే ధ్రువపత్రం, ఎంత అందంగా ముద్రించినా, గుర్తింపు పొందిన బోర్డు ముద్ర లేకపోతే హైదరాబాద్‌లో జూనియర్ కాలేజీ గుమాస్తా ముందు నిలబడదు.

వైద్యవిద్య ఆశించే పిల్లల విషయంలో ఐబీ చట్రం ఒక ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. నీట్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ చదివి ఉండాలి. ఐబీ డిప్లొమా ఆరు సబ్జెక్టులను భాషలు, సామాజిక శాస్త్రాలు, గణితం, విజ్ఞానం వంటి వర్గాల నుంచి ఎంచుకోమంటుంది కనుక మామూలు పద్ధతిలో మూడు విజ్ఞాన సబ్జెక్టులు అందులో ఇమడవు. చదవబోయే దేశంలో ప్రవేశ నియమం అలా ఉందని చూపి బడి ద్వారా ముందుగానే ప్రత్యేక అనుమతి కోరాల్సి ఉంటుంది. పదకొండో తరగతి మొదలయ్యాక ఈ సంగతి తెలిసిన కుటుంబానికి సమయం మించిపోతుంది. భౌతిక, రసాయన, గణితాలు కోరే ఇంజినీరింగ్ ఆశావహులకు ఈ ఇబ్బంది లేదు. బ్రిటిష్ ‘ఏ లెవెల్’లోనైతే మూడు విజ్ఞాన సబ్జెక్టులు తేలిగ్గానే కుదురుతాయి.

అంతకంటే పెద్దది, తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది చైనాలో ఉండగా తలచుకోనిది, ‘స్థానికత’ ప్రశ్న. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నత విద్యా ప్రవేశాల్లో స్థానిక అభ్యర్థులకు అధిక భాగం సీట్లు కేటాయించింది. స్థానికుడంటే ఆ ప్రాంతంలో పుట్టినవాడని కాదు, అర్హత పరీక్షకు ముందు వరుసగా నిర్ణీత సంవత్సరాలు అక్కడ చదివినవాడని అర్థం. ఎంబీబీఎస్, బీడీఎస్ ప్రవేశాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఇచ్చిన 33వ నంబరు జీవో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఇక్కడే అర్హత పరీక్ష ఉత్తీర్ణులు కావాలని స్పష్టం చేసింది. ఆ నియమాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. బదిలీ మీద బయట పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ, అఖిల భారత సర్వీసుల, సైనిక, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉందే గాని, ప్రైవేటు మందుల కంపెనీ తరఫున కున్‌షాన్ వెళ్లిన కెమిస్టు బిడ్డకు లేదు. ధూల్‌పేట్‌లోనే పుట్టి, తాతముత్తాతలు అక్కడే పతంగులు చేసిన కుటుంబపు పిల్ల అయినా, తొమ్మిదో తరగతి షాంఘైలో చదివితే వైద్య కళాశాల సీటు దగ్గర పరాయిదవుతుంది. ఈ నియమం న్యాయమా కాదా అన్నది వేరే వాదం. డాక్టరు చదువు మీద ఆశ ఉన్న ఇంట్లో మాత్రం చైనా ఒప్పందం ఎనిమిదో తరగతితో ముగిసేలా చూసుకోవడమే వివేకం.

ఇంజినీరింగ్ వైపు చూసేవారికి మరో దారి ఉంది: విదేశంలో పదకొండు, పన్నెండు తరగతులు చదివిన భారతీయ విద్యార్థులకు ఎన్ఐటీల వంటి సంస్థల్లో ‘దాసా’ అనే ప్రత్యేక ప్రవేశ పథకం ఉంది. దానికింద ఫీజు డాలర్లలో లెక్కిస్తారు. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు అందులో ఉన్న ఫీజు రాయితీ చైనాలో ఉన్నవారికి వర్తించదు.

తరగతి లెక్క కూడా తికమక పెట్టేదే. బ్రిటిష్ బడిలో అయిదేళ్లకే ‘ఇయర్ వన్’ మొదలవుతుంది కనుక హైదరాబాద్‌లో అయిదో తరగతి చదివే పిల్లవాడు అక్కడ ఆరో ఇయర్‌లో కూర్చుంటాడు. దాన్ని ప్రమోషన్‌గా భావించి, తిరిగి వచ్చాక ఏడో తరగతి అడిగితే బడి ఒప్పుకోదు. చైనా ప్రభుత్వ బడుల్లో ఆగస్టు 31 నాటికి ఆరేళ్లు నిండినవారికే ఒకటో తరగతి. విదేశీ బడుల విద్యాసంవత్సరం ఆగస్టు నుంచి జూన్ దాకా, సీబీఎస్ఈ ఏప్రిల్ నుంచి మార్చి దాకా, తెలంగాణ రాష్ట్ర సిలబస్ జూన్ నుంచి ఏప్రిల్ దాకా నడుస్తాయి. ఏప్రిల్‌లో వెళితే ఆ ఏడాది చివరి రెండు మూడు నెలల కోసం పూర్తి టర్మ్ ఫీజు కట్టవలసి రావచ్చు. జూన్‌లో తిరిగి వస్తే రాష్ట్ర సిలబస్ బడితో సరిగ్గా కలుస్తుంది గాని సీబీఎస్ఈ బడిలో అప్పటికే రెండు నెలల పాఠాలు అయిపోయి ఉంటాయి. కంపెనీతో బదిలీ తేదీ మాట్లాడుకునేటప్పుడు జీతంతో పాటు ఈ క్యాలెండరు కూడా బల్ల మీద ఉండాలి.

కాగితాల విషయంలో తెలుగు పేర్లు సృష్టించే ఇబ్బంది ఇంతా అంతా కాదు. ఉద్యోగి చైనాలో పనిచేయడానికి జెడ్ వీసా మీద వెళితే, కుటుంబ సభ్యులు దీర్ఘకాల నివాసానికి ఎస్1 వీసా మీద వెళ్లి, దిగిన 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. ఆ అనుమతి లేకుండా బడి ప్రవేశం పూర్తికాదు. బిడ్డతో బంధుత్వాన్ని రుజువు చేసే జనన ధ్రువపత్రానికి భారత విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపైన చైనా దౌత్యకార్యాలయం ధ్రువీకరణ అవసరమవుతాయి. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఇచ్చిన పాత జనన పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండడం, తండ్రి పేరులో ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉండడం, పాస్‌పోర్టులో విడమరిచిన పేరు స్కూలు టీసీలో ఒక్క పొడి అక్షరంగా మిగలడం సర్వసాధారణం. హైదరాబాద్‌లో అలవాటైన ఈ తేడాలను చైనా అధికారి వేర్వేరు మనుషులుగా చదువుతాడు. పేరు సవరణకు పట్టే నెలలను లెక్కలోకి తీసుకుని, వీసా పిలుపు రాకముందే ఈ పత్రాలన్నీ ఒకే వరుసలోకి తేవడం మంచిది. గత మూడేళ్ల మార్కుల పత్రాలు, టీకాల పుస్తకం, టీసీ అసలు ప్రతులు కూడా వెంట ఉండాలి.

భాష గురించి తల్లిదండ్రులకు ఉండే ఆశ, భయం రెండూ కొంత అతిశయమే. మాండరిన్‌లో ఒకే అక్షరోచ్చారణ నాలుగు స్వరాల్లో నాలుగు అర్థాలనిస్తుంది. తెలుగులో స్వరం భావాన్ని మారుస్తుంది గాని మాట అర్థాన్ని మార్చదు కాబట్టి పెద్దల చెవికి ఇది కష్టంగా తోస్తుంది, చిన్నపిల్లలు దాన్ని ఆటలా పట్టుకుంటారు. రోమన్ లిపిలో చైనీస్ ఉచ్చారణ రాసే పిన్‌యిన్ పద్ధతి 1958 నుంచి అధికారికంగా వాడుకలో ఉండడం మొదటి మెట్టును తేలిక చేస్తుంది. వార్తాపత్రిక చదవాలంటే మాత్రం రెండు మూడు వేల అక్షరాలు గుర్తుండాలి, వారానికి మూడు పీరియడ్ల పాఠంతో అది సాధ్యం కాదు. ‘మా బడిలో రోజూ మాండరిన్ ఉంది’ అని ప్రకటించే చోట, మాతృభాషగా మాట్లాడే పిల్లలకూ కొత్తవారికీ వేర్వేరు తరగతులు ఉన్నాయా అని విచారించాలి. రెండు బృందాలనూ ఒకే గదిలో కూర్చోబెడితే కొత్తవాడు ఏడాదంతా మౌనంగా ఉండిపోతాడు. హిందీ, దక్కనీ, తెలుగు, ఇంగ్లిష్ మధ్య పెరిగిన ధూల్‌పేట్ పిల్లకు ఇంకో భాష చేరడం కొత్త కాదు, కొత్త లిపితో చేరడమే కొత్త.

ఈ లెక్కలో తెలుగు జారిపోవడం మాత్రం నిశ్శబ్దంగా జరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో చేసిన చట్టం పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది. ఆరో తరగతిలో తిరిగొచ్చిన పిల్లవాడికి గుణింతాలు మరిచిపోయి ఉంటే, బాగా వచ్చిన గణితంకంటే రాని తెలుగే బడి మార్పులో పెద్ద అడ్డంకి అవుతుంది. ఇంట్లో మాట్లాడడం సరిపోదు, రాయడం, చదవడం కొనసాగాలి. సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు అంతర్జాలంలో తెలుగు తరగతులు నడుపుతున్నాయి. ఐబీ డిప్లొమాలో మాతృభాషా సాహిత్యాన్ని బడి పర్యవేక్షణలో స్వయంగా చదువుకునే వీలు నియమాల్లోనే ఉంది. దాని గురించి అడిగే తెలుగు తల్లిదండ్రులు ఎందరున్నారన్నది ఆలోచించదగిన విషయం.

డబ్బు సంగతికి వస్తే, షాంఘై, బీజింగ్‌లలో పేరున్న విదేశీయుల పాఠశాలల వార్షిక ఫీజు తరగతిని బట్టి రెండు లక్షల యువాన్ల నుంచి మూడున్నర లక్షల దాకా ఉంటుంది. యువాన్‌ను సుమారు 12 రూపాయలుగా లెక్కిస్తే ఇది 24 లక్షల నుంచి 42 లక్షల రూపాయలు, ఇద్దరు పిల్లలుంటే దానికి రెట్టింపు. సొంత జీతంతో భరించే మొత్తం కాదిది. కంపెనీ భరిస్తేనే ఈ విదేశీయుల పాఠశాలల గురించి ఆలోచించాలి. విదేశీ ఉద్యోగులకు యాజమాన్యం చెల్లించే పిల్లల చదువు ఖర్చు మీద చైనా ఇస్తున్న పన్ను మినహాయింపు 2027 చివరి దాకా కొనసాగుతుంది. అది దక్కాలంటే ఖర్చు జీతంలో కలపకుండా విడిగా, బడి బిల్లుల ఆధారంగా చూపించాలి కనుక, ఒప్పందంలో ‘మొత్తం ప్యాకేజీ’ అని ఒకే అంకె రాయించుకున్నవారు నష్టపోతారు. బస్సు, భోజనం, యూనిఫారం, ఇంగ్లిష్ అదనపు సహాయం, పరీక్ష ఫీజులు ఎవరి ఖాతాలోకి వస్తాయో, ఉద్యోగం మధ్యలో పోతే ఆ విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా ఫీజు ఎవరు కడతారో కూడా అక్షరాల్లో ఉండాలి. అనుబంధంగా, చేరేటప్పుడు కట్టిన డిపాజిట్టు తిరిగి రావాలంటే ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలో చాలామంది బయలుదేరే వారంలోగాని చదవరు.

2020 మార్చి 28న చైనా విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేసినప్పుడు సెలవుకు ఇంటికొచ్చిన భారతీయ కుటుంబాలు నెలల తరబడి ఇక్కడే చిక్కుకుపోయి, చైనా బడి పాఠాలను అక్కడి సమయానికి తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో వినవలసి వచ్చింది. అదే కాలంలో విదేశీ ఉపాధ్యాయులు, విదేశీ కుటుంబాలు చైనా నుంచి పెద్ద ఎత్తున తరలిపోయారు. 2020 జనగణన నాటికి చైనా ప్రధాన భూభాగంలో ఉన్న విదేశీయులు ఎనిమిదిన్నర లక్షలకు లోపే, 140 కోట్ల జనాభాలో అది సముద్రంలో చుక్క. విద్యార్థులు తగ్గిన బడి ఖర్చు తగ్గించుకోవాలని చూస్తుంది, ఆ తగ్గింపు మొదట ఉపాధ్యాయుల మీద పడుతుంది. అందువల్ల ఒక బడి నాణ్యతకు నమ్మదగిన కొలత భవనం కాదు, గత రెండు మూడేళ్లలో ఎంతమంది ఉపాధ్యాయులు మానేశారన్న అంకె. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబిచ్చే ప్రవేశ కార్యాలయం మీద నమ్మకం ఉంచవచ్చు. ఐబీ ‘అనుమతి పొందిన’ బడి వేరు, అనుమతి కోసం దరఖాస్తు చేసి ‘అభ్యర్థి’ హోదాలో ఉన్న బడి వేరు అన్న సంగతి కూడా అప్పుడే అడగాలి. ప్రకటనల్లో ఈ రెండూ ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి.

ఇల్లు ముందా, బడి ముందా అంటే బడే ముందు. షాంఘైని హువాంగ్‌పూ నది పుదోంగ్, పుషీ అని రెండుగా చీలుస్తుంది. నది ఒక పక్క ఇల్లు, మరో పక్క బడి అయితే పసివాడు రోజూ బస్సులోనే నిద్రపోవలసి వస్తుంది. బీజింగ్‌లో విదేశీ బడులు ఎక్కువగా విమానాశ్రయం వైపున్న షున్యి ప్రాంతంలో ఉన్నాయి. శాకాహార కుటుంబాలు, హలాల్ పాటించే పాతబస్తీ కుటుంబాలు భోజనశాల గురించి అడిగేటప్పుడు ‘మాంసం లేదు’ అన్న జవాబుతో తృప్తిపడకూడదు. కూరగాయల వంటకంలో పంది కొవ్వు గాని, మాంసపు రసం గాని వాడడం అక్కడ అసాధారణం కాదు కనుక డబ్బా తీసుకెళ్లే వీలుందా అన్నదే సరైన ప్రశ్న. తల్లిదండ్రులకు బడి పంపే సమాచారమంతా వీచాట్‌లో వస్తుంది. ఆ యాప్‌ను భారత్ 2020 జూన్‌లో నిషేధించింది, భారత్‌లో అందరూ వాడే వాట్సాప్‌ను చైనా అడ్డుకుంటోంది. ధూల్‌పేట్‌లోని అమ్మమ్మ మనవడి వార్షికోత్సవం ఫొటో చూడడానికి ఏ దారి ఉంటుందో వెళ్లేముందే సరిచూసుకోవాలి.

తిరిగి వచ్చే ఏడాది మొదలయ్యేసరికి కుటుంబం బడి కార్యాలయం నుంచి సేకరించవలసినవి ఉన్నాయి: ప్రతి విద్యాసంవత్సరానికీ విడివిడిగా ముద్ర, సంతకం ఉన్న మార్కుల పట్టికలు, ఆ బడిలో గ్రేడ్లను శాతాలుగా ఎలా లెక్కించాలో తెలిపే వివరణ, బదిలీ ధ్రువపత్రం, బోర్డు గుర్తింపు సంఖ్య ఉన్న లేఖ. ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఉండాలి. చైనీస్‌లో మాత్రమే ఉంటే అధికారిక అనువాదం, ధ్రువీకరణ అక్కడే చేయించుకోవాలి. నివాస అనుమతి రద్దయి ఇల్లు ఖాళీచేశాక, వేసవి సెలవులకు బడి మూసి ఉన్న జులైలో, హైదరాబాద్ నుంచి ఈమెయిలు మీద ఒక ముద్ర కోసం తిరగడం కంటే, మే నెలలో పిల్లవాణ్ణి బడిలో దింపడానికి వెళ్లినప్పుడే కార్యాలయం కిటికీ దగ్గర నిలబడి అడిగి తెచ్చుకోవడం తేలిక.